లెడ్జరు బ్యాంకుది, కౌంటరు ఫోన్‌ది

సంపాదకులకు నమస్కారం.

నేను బ్యాంకులో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. 1983లో గుంటూరు జిల్లాలోని ఒక చిన్న ఊళ్లో క్లర్కుగా చేరి, బ్రాంచి మేనేజరుగా బయటికి వచ్చాను. ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాను. పెద్ద టెక్నాలజీ కంపెనీలు బ్యాంకుల వ్యాపారాన్ని లాక్కుపోతున్నాయనీ, బ్యాంకులు కూడా మంచి మంచి యాప్‌లు తెచ్చి పోటీ ఇవ్వాలనీ ఈ మధ్య తరచూ చదువుతున్నాను. యాప్ సంగతి తర్వాత చూడొచ్చు, ముందు బాగుపడాల్సింది దాని వెనకున్న లెడ్జరు, అంటే బ్యాంకు ఖాతాల పుస్తకం, అని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే ఈ ఉత్తరం కాస్త పొడవవుతుంది, మన్నించండి.

మా ఇంటికి దగ్గర్లో బోసు రోడ్డు పక్కన ఒక టిఫిన్ సెంటర్ ఉంది. భర్త పెనం దగ్గర, భార్య గల్లా దగ్గర. పొద్దున ఆరింటి నుంచి పదిన్నర దాకా ఊపిరి సలపదు. ఆవిడ ఖాతా తెరిచింది నేను మేనేజరుగా ఉన్నప్పుడే. అందుకే ఇప్పటికీ "మేడమ్ గారూ" అంటుంది. ఒక సోమవారం పన్నెండు గంటలప్పుడు ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"మేడమ్ గారూ, బియ్యం కొట్టుకి పద్దెనిమిది వేల నాలుగొందలు కొట్టాను. నాకు కట్టయినయి, ఆయనకేమో పడలేదంట. సరుకు ఎత్తనివ్వట్లేదు."

ఆటో మాట్లాడుకుని ఇద్దరం బ్రాంచికి వెళ్లాం. నేను ఒకప్పుడు కూర్చున్న గదిలో ఇప్పుడు వేరేవాళ్లున్నారు. కౌంటర్లో ఉన్న కుర్రాడు మర్యాదస్తుడు, మమ్మల్ని కూర్చోబెట్టి ఖాతా తెరిచాడు. 18,400 డెబిట్ కనిపిస్తోంది, పక్కన పన్నెండంకెల నంబరు ఉంది. అంతే. ఆ డబ్బు అవతలి బ్యాంకుకు చేరిందా, మధ్యలో ఆగిందా, వెనక్కి వస్తోందా అన్నది అతని తెర మీద లేదు. "యాప్‌లో కంప్లైంట్ పెట్టండమ్మా" అన్నాడు. యాప్ తెరిస్తే "మీ బ్యాంకు నుంచి జవాబు కోసం ఎదురుచూస్తున్నాం" అని తెలుగులో శుభ్రంగా రాసి ఉంది. బ్యాంకేమో యాప్ వైపు వేలు చూపిస్తోంది, యాపేమో బ్యాంకు వైపు. మధ్యలో ఆవిడ, బియ్యం కొట్టు దగ్గర ఆగిపోయిన నాలుగు బస్తాలు.

డబ్బు తొమ్మిదో రోజున వెనక్కి పడింది. ఆలోగా ఆవిడ చేబదులు తెచ్చి బియ్యం తీసుకుంది.

ఇందులో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. యూపీఐలో దుకాణానికి కట్టిన డబ్బు ఖాతాలో తగ్గి, అవతల అందినట్టు నిర్ధారణ కాకపోతే ఐదు రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. మనిషికీ మనిషికీ మధ్య పంపుకున్నదైతే ఒక్క రోజే గడువు. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం, అదీ ఖాతాదారు అడగకుండానే, బ్యాంకే వేయాలి. ఈ లెక్కన ఆవిడకు నాలుగు రోజులకు 400 రావాలి. రాలేదు. నేను బ్రాంచికి వెళ్లి అడిగితే ఆ నిబంధన ఉన్నట్టే అక్కడ ఎవరికీ తెలియదు. వాళ్లను తప్పుపట్టను. అది మనిషి గుర్తుపెట్టుకుని చేసే పని కాదు, కంప్యూటరే రోజులు లెక్కపెట్టి వేయాల్సిన పని. ఐదేళ్లు దాటిన నిబంధన ఇంకా ఆ బ్యాంకు ప్రోగ్రామ్‌లోకి సరిగా ఎక్కలేదంటే, రంగురంగుల కొత్త యాప్ తెచ్చి ఏం ఉపయోగం?

మా కాలం సంగతి చెబుతాను. నేను చేరినప్పుడు సేవింగ్స్ లెడ్జర్లు బరువుగా, ఎత్తలేనంత ఉండేవి. ఒక్కో ఖాతాకు ఒక్కో పేజీ. సాయంత్రం వోచర్లన్నీ సప్లిమెంటరీలో (ఆ రోజు చిట్టాలో) ఎక్కించి, డే బుక్కులో కూడి, జనరల్ లెడ్జరుతో (బ్రాంచి మొత్తం లెక్కల పుస్తకంతో) టాలీ చేసేవాళ్లం. టాలీ కాకపోతే ఇంటికి వెళ్లేది లేదు. ఒక రాత్రి 63 రూపాయల తేడా వచ్చింది. మా హెడ్ క్లర్కు గారు కళ్లద్దాలు సవరించుకుని, "తొమ్మిదితో పోతోంది, ఎక్కడో అంకెలు తారుమారయినయ్, వెతకండి" అన్నారు. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే అంకెలు అటూ ఇటూ అయ్యాయని అనుమానించాలి, అది మా వృత్తిలో మొదటి పాఠం. తొమ్మిదిన్నరకు దొరికింది. ఒక ముసలాయన జమ చేసిన 81 రూపాయలను నేను 18 అని ఎక్కించాను. మర్నాడు ఆయన వస్తే చెప్పాను, పేజీ తిప్పి చూపించాను. ఆయనకు చదువు రాదు. అయినా పేజీ మీద వేలు పెట్టి చూసుకుని తృప్తిగా వెళ్లాడు.

కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషికి ఆయన డబ్బు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగడం, అదీ బ్యాంకు పని. ఆ సోమవారం మేం పోగొట్టుకున్నది దాన్నే.

కంప్యూటర్లంటే మేం మొదట్లో భయపడ్డాం, ఉన్న మాటే రాస్తున్నాను. 1983లో యూనియన్లకూ బ్యాంకు యాజమాన్యాల సంఘానికీ యంత్రాల మీద ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది రంగరాజన్ కమిటీ కంప్యూటరీకరణకు దారి చూపింది. ఆ రంగరాజన్ గారే తర్వాత రిజర్వ్ బ్యాంకు గవర్నరు, ఆపైన మన రాష్ట్ర గవర్నరు అయ్యారు. మా పక్క బ్రాంచికి లెడ్జరు పోస్టింగ్ యంత్రం వచ్చినప్పుడు నేను కూడా గేటు ముందు నిలబడి నినాదాలు చేశాను. ఉద్యోగాలు పోతాయనుకున్నాం. ఆ భయం నిజమైనదే, కానీ మేం అడ్డుకున్నది మాత్రం పొరపాటు. అన్ని బ్రాంచిల ఖాతాలనూ ఒకే కంప్యూటరు లెడ్జరులోకి చేర్చే కోర్ బ్యాంకింగ్ వచ్చిన రోజుల్లో నాకది పూర్తిగా అర్థమైంది. అప్పటిదాకా మనిషి బ్రాంచికి ఖాతాదారు. ఆ తర్వాత బ్యాంకు మొత్తానికి ఖాతాదారు అయ్యాడు. తెనాలిలో వేసిన డబ్బు ఆ క్షణమే వరంగల్లో తీసుకోవచ్చంటే మా అమ్మ నమ్మలేదు.

కానీ ఆ కోర్ బ్యాంకింగ్‌ను కట్టింది ఆనాటి అవసరానికి. పొద్దున పదింటికి తెరిచి, సాయంత్రం మూసి, రాత్రి డే ఎండ్ చేసి, వడ్డీలు వేసుకుని, తెల్లారి డే బిగిన్ చేసే బ్యాంకుకు. రోజుకు ఒక బ్రాంచిలో కొన్ని వందల వోచర్లు. ఇప్పుడేం జరుగుతోంది? రాత్రి పదకొండింటికి పది రూపాయల టీకి స్కాన్ కొడతాం. ఆ పది రూపాయలు కొట్టినవాడి బ్యాంకు లెడ్జర్లో ఒక ఎంట్రీ, టీ కొట్టు బ్యాంకు లెడ్జర్లో ఇంకో ఎంట్రీ. 2025 ఆగస్టు నెల ఒక్కదానిలోనే దేశంలో యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. వాటిలో చాలా భాగం చిల్లర మొత్తాలే. పెళ్లి భోజనాలకు వండే గాడిపొయ్యి మీద క్షణానికో కప్పు కాఫీ కాయమన్నట్టుంది. "సర్వర్ డౌన్", "బ్యాంకు సర్వర్ బిజీ" అని మనం విసుక్కునేదంతా ఎక్కువగా ఇక్కడి నుంచి పుడుతోంది.

దీనికి మందు మా పాత బ్రాంచిలోనే ఉంది. క్యాషియరు ప్రతి వోచరుకూ లోపలికి పరుగెత్తి జనరల్ లెడ్జరు తెరిచేవాడు కాదు. తన దగ్గర స్క్రోలు పెట్టుకుని అందులో వరసగా రాసుకునేవాడు, సాయంత్రం మొత్తం కలిపి పెద్ద లెడ్జరుకు అప్పజెప్పేవాడు. చిల్లర చెల్లింపులకు కూడా అలాగే ముందు గదిలో ఒక చురుకైన చిన్న లెడ్జరు ఉండాలి, వెనక గదిలో పెద్ద లెడ్జరు నింపాదిగా తన పని చేసుకోవాలి. 2022లో వచ్చిన యూపీఐ లైట్ ఈ ఆలోచనకు ఒక రూపమే. చిన్న మొత్తాన్ని ముందే పక్కన పెట్టుకుని అందులోంచి ఖర్చు చేస్తాం, ప్రతి టీకీ కోర్ లెడ్జరును తట్టి లేపం. బ్యాంకులు దీన్ని తమ లోపల కూడా పెద్ద ఎత్తున చేయాలి. చెల్లింపులు వేరు, డిపాజిట్లు వేరు, రుణాలు వేరుగా ఒక్కో గది చొప్పున మార్చుకుంటూ పోవాలి.

ఒక్కో గది చొప్పున అని గట్టిగా ఎందుకంటున్నానంటే, ఇల్లంతా ఒకేసారి పడగొట్టి కట్టబోయిన బ్యాంకు ఏమైందో లోకం చూసింది. బ్రిటన్‌లో టీఎస్‌బీ అనే బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఒక్క వారాంతంలో ఖాతాలన్నిటినీ కొత్త వ్యవస్థలోకి మార్చింది. సోమవారానికి 19 లక్షల మంది దాకా తమ ఖాతా తాము చూసుకోలేకపోయారు. తర్వాత అక్కడి నియంత్రణ సంస్థలు దాదాపు 4.9 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. కోర్ బ్యాంకింగ్‌కు మారేటప్పుడు మా బ్రాంచి డేటాను నేను దగ్గరుండి సరిచేయించాను కాబట్టి ఆ బాధ నాకు తెలుసు. పుట్టిన తేదీ లేని ఖాతాలన్నిటికీ జనవరి 1 వేసి పడేశారు. ఒకే మనిషికి మూడు ఖాతాలుంటే ముగ్గురు మనుషులయ్యారు. "వెంకటేశ్వర్లు" అనే పేరుకు మా ఒక్క బ్రాంచిలోనే ఇంగ్లిషులో పదకొండు రకాల స్పెల్లింగులు లెక్కపెట్టాను. ఆ మురికి ఇంకా చాలా బ్యాంకుల్లో అలాగే ఉంది. దాన్ని కడగకుండా పైన కృత్రిమ మేధ పెడతామంటే అది మూడు వెంకటేశ్వర్లకూ మూడు రకాల సలహాలిస్తుంది.

ఈ పోటీలో బ్యాంకులు ఓడిపోతున్నది డబ్బు లేకనో, దారి తెలియకనో కాదు. యూపీఐని నిర్మించిన ఎన్‌పీసీఐ అనే సంస్థ పుట్టిందే రిజర్వ్ బ్యాంకు, బ్యాంకుల సంఘం చొరవతో. దానిలో వాటాదారులు చాలావరకు బ్యాంకులే. 2016 ఆగస్టులో యూపీఐతో మొదట జనం ముందుకొచ్చినవి బ్యాంకుల సొంత యాప్‌లే, ఇరవై బ్యాంకుల దాకా. గూగుల్ తన 'తేజ్'ను తెచ్చింది ఆ తర్వాత ఏడాదికి, 2017 సెప్టెంబరులో. ముందు బయల్దేరింది మనం. అయినా ఇవాళ యూపీఐ లావాదేవీల్లో నూటికి దాదాపు ఎనభై ఫోన్‌పే, గూగుల్ పే అనే రెండింటి మీదుగానే సాగుతున్నాయి. ఎవరి వాటా అయినా 30 శాతం దాటకూడదని ఎన్‌పీసీఐ 2020లోనే చెప్పింది. గడువు జరుగుతూ జరుగుతూ 2026 డిసెంబరు దాకా వచ్చింది. ఆ పరిమితి వచ్చినా, దాని వల్ల జనం బ్యాంకు యాప్‌లకు తిరిగి వస్తారని నేననుకోను. పని జరిగే చోటికే మనిషి వెళ్తాడు.

ఆ కంపెనీలు నిలబడ్డ నేల మాత్రం బ్యాంకులదే. గూగుల్ పే ఐడీ చివర చూడండి, ఓకేఎస్‌బీఐ అనో ఓకేయాక్సిస్ అనో ఉంటుంది. ఫోన్‌పేలో వైబీఎల్ అని ఉండేది యస్ బ్యాంకు పేరే. 2020 మార్చి 5 రాత్రి రిజర్వ్ బ్యాంకు కోరిక మీద యస్ బ్యాంకుపై మారటోరియం (లావాదేవీల మీద తాత్కాలిక ఆంక్షలు) పడగానే ఫోన్‌పే ఆగిపోయింది. కోట్ల మందికి ఏం జరిగిందో అర్థం కాలేదు. ఆ కంపెనీ ఇంజినీర్లు హుటాహుటిన ఇంకో ప్రైవేటు బ్యాంకుతో కలిపి సేవలను మళ్లీ నిలబెట్టారు. ఆ వేగాన్ని మెచ్చుకోవాలి. బ్యాంకుల్లో నాకు కావాల్సింది కూడా ఆ వేగమే. నా బ్యాంకులో ఒక ఫారంలో ఒక గడి మార్చడానికి సర్క్యులర్, కమిటీ, టెండరు, వెండరు అని తొమ్మిది నెలలు పట్టిన రోజు నాకు గుర్తుంది.

ఇక్కడ మనుషుల సంగతి రావాలి. నా ఉద్యోగం చివరి రోజుల్లో మా దగ్గరికి ఒక అమ్మాయి ఐటీ ఆఫీసరుగా వచ్చింది. కాకినాడలో ఇంజినీరింగ్ చదివి, స్పెషలిస్టు పరీక్ష రాసి సెలెక్టయింది. రెండేళ్లు ప్రాంతీయ కార్యాలయంలో ప్రింటర్లు బాగుచేయించే పని. తర్వాత బదిలీ మీద మా బ్రాంచికి, గోల్డ్ లోన్ కౌంటరుకు. అప్రైజరు గీటురాయి మీద గీసిన గాజుల బరువు రిజిస్టర్లో ఎక్కిస్తూ కూర్చునేది. ఒకరోజు "మేడమ్, నేను చదివిందంతా మర్చిపోతున్నాను" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆరు నెల్లకు రాజీనామా చేసి హైదరాబాదులో ఒక విదేశీ బ్యాంకు టెక్నాలజీ సెంటర్లో చేరింది. ఇప్పుడు అక్కడ చెల్లింపుల విభాగంలో ఒక టీముకు పెద్ద. మన బ్యాంకు పారేసుకున్న మనిషిని వాళ్లు కళ్లకద్దుకుని తీసుకున్నారు.

హైదరాబాదులో ఇలాంటి సెంటర్లు ఎన్నో ఉన్నాయి. సింగపూర్‌కు చెందిన డీబీఎస్ బ్యాంకు 2016లో తన దేశం బయట మొదటి టెక్నాలజీ కేంద్రాన్ని అక్కడే తెరిచింది. ఒకప్పుడు బయటి కంపెనీలకు అప్పజెప్పిన పనిలో చాలా భాగాన్ని తన సొంత ఇంజినీర్ల చేతికి తెచ్చుకుంది. దాని ప్రయాణం నల్లేరు మీద నడకేం కాదు. 2023లో సేవలు పదే పదే ఆగిపోవడంతో, అత్యవసరం కాని మార్పులన్నీ ఆరు నెలలు ఆపేయమని సింగపూర్ నియంత్రణ సంస్థ ఆదేశించింది. మన దగ్గరా రిజర్వ్ బ్యాంకు ఊరుకోలేదు. 2020 డిసెంబరులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకును కొత్త డిజిటల్ పథకాలు, కొత్త క్రెడిట్ కార్డులు ఆపమంది. 2024 ఏప్రిల్‌లో కోటక్ మహీంద్రా బ్యాంకుకు ఆన్‌లైన్‌లో కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దంది. రెండూ తర్వాత సరిచేసుకున్నాయి, ఆంక్షలు తొలగాయి. కొత్తవి తెచ్చే ముందు ఉన్నది సరిగా నడపమనే దీని అర్థం. మా హెడ్ క్లర్కు గారుంటే ఆయనా అదే అనేవారు, ముందు టాలీ చెయ్ అని.

అదే హైదరాబాదులో, మాసాబ్ ట్యాంక్ దగ్గర, రిజర్వ్ బ్యాంకు 1996లో పెట్టిన ఐడీఆర్‌బీటీ ఉంది. బ్యాంకింగ్ టెక్నాలజీ కోసమే పెట్టిన సంస్థ. బ్యాంకుల మధ్య సొంత నెట్‌వర్కు ఒకటి 1999లో అక్కడి నుంచే వచ్చింది. బ్యాంకు వెబ్‌సైట్లన్నీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'తో ముగిసేలా ఈ మధ్య జరిగిన మార్పులో రిజిస్ట్రేషన్ పని కూడా దానిదే. ఇలాంటి సంస్థ మన ముంగిట్లో ఉండగా, ప్రభుత్వ రంగ బ్యాంకులు తమ ఐటీ ఆఫీసర్లను అక్కడ తర్ఫీదు ఇప్పించి, పదేళ్లు అదే పనిలో ఉంచి, అందులోనే ప్రమోషన్లు ఇస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. జీతం ప్రైవేటంత ఇవ్వలేరు, నిజమే. కానీ చదివిన పని చేతికిస్తే సొంత ఊరి దగ్గర ఉద్యోగంలో ఉండిపోయే పిల్లలు చాలామందే ఉన్నారు. గీటురాయి ముందు కూర్చోబెడితే ఎవరూ ఉండరు.

చిన్న బ్యాంకుల పరిస్థితి ఇంకా సున్నితం. 2024 జులై చివర్లో, సాంకేతిక సేవలందించే ఒక సంస్థ మీద రాన్సమ్‌వేర్ (కంప్యూటర్లను బిగించి డబ్బు గుంజే) దాడి జరిగితే దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకులను చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా విడదీయాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి 2025 మే 1 నుంచి ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. బోర్డులు మార్చడంతో ఆపకుండా, పల్లెటూరి రైతుకు నిజంగా పనికొచ్చే ఒక మంచి వ్యవస్థను కట్టుకోవడానికి దీనికి మించిన సమయం దొరకదు.

మళ్లీ టిఫిన్ సెంటర్‌కు వస్తాను, అసలు బాధ అక్కడుంది.

ఆవిడ గల్లా పక్కన ఒక చిన్న స్పీకర్ డబ్బా ఉంటుంది. ఎవరైనా స్కాన్ కొట్టగానే "అరవై రూపాయలు అందాయి" అని తెలుగులో చెబుతుంది. చట్నీ గిన్నెలో గరిటె ఉండగానే ఆవిడ తల ఊపుతుంది, అవతలివాడు ప్లేటు తీసుకుంటాడు. అదే డబ్బు గురించి ఆవిడ బ్యాంకు పంపే మెసేజీ ఇంగ్లిషులో వస్తుంది, సగం పొట్టి అక్షరాలు, సగం నక్షత్రాలు. ఆవిడ ఏనాడూ చదవలేదు. ఆవిడ భాషలో ఆవిడతో రోజూ వందసార్లు మాట్లాడేది ఒకరు, డబ్బు దాచేది ఇంకొకరు. మరి ఆవిడ ఎవరిని నమ్ముతుంది?

ఆ ఖాతాలో రోజుకు ఎనిమిది, తొమ్మిది వేలు పడతాయి. ఆదివారాలైతే ఇంకా ఎక్కువ. ఇదంతా బ్యాంకు సొంత పుస్తకాల్లో తేదీల వారీగా ఉంది. కిందటేడు పెద్ద గ్రైండరు, ఫ్రిజ్ కొనడానికి లక్ష రూపాయల అప్పు కోసం ఆవిడ అదే బ్యాంకుకు వెళ్లింది. రెండేళ్ల ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, కొటేషన్లు, జామీను తెమ్మన్నారు. మూడుసార్లు తిరిగి మానేసింది. వారం తిరక్కుండా ఫోన్లో ఒక ఆఫరు కనిపించింది, లక్ష రూపాయలు, కాగితాల్లేవు, రోజుకు 400 చొప్పున 300 రోజులు. పది నిమిషాల్లో డబ్బు పడింది. "నాలుగొందలేగా మేడమ్, ఇడ్లీల మీద పోద్ది" అంది నాతో. పెన్సిలు తీసుకుని లెక్కేసి చూపించాను. కట్టేది 1,20,000. రోజూ అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి నిజానికి ఏడాదికి 40 శాతం పైమాటే వడ్డీ. బ్యాంకు ముద్ర రుణం ఇచ్చి ఉంటే దానిలో మూడో వంతు కూడా అయ్యేది కాదు. ఆవిడ చాలాసేపు ఆ కాగితం వైపే చూసింది. "బ్యాంకు ఇవ్వలేదుగా మేడమ్" అంది చివరికి.

నా దగ్గర జవాబు లేకపోయింది.

యూపీఐ మీద 2020 జనవరి నుంచి రుసుము లేదు, అందుకే దాని మీద పెట్టుబడి పెట్టలేకపోతున్నామని బ్యాంకులు అంటాయి. అందులో నిజం ఉంది, ప్రభుత్వం ఆలోచించాల్సిన విషయమే. అయితే ఆ రుసుము కంపెనీలకూ లేదు కదా. వాళ్లు టిఫిన్ సెంటర్ లావాదేవీలో లాభం చూడలేదు, టిఫిన్ సెంటర్ ఆవిడను చూశారు. ఈరోజు అరవై రూపాయలు, రేపు అప్పు, ఎల్లుండి బీమా. నేను మేనేజరుగా ఉన్నప్పుడు లెడ్జరు పేజీలు తిరగేసి, ఫలానా కిరాణా కొట్టు ఖాతా ఆరు నెలలుగా నిండుగా నడుస్తోందని గమనించి, నేనే పిలిచి "ఏమయ్యా, లిమిట్ పెంచమంటావా" అని అడిగేదాన్ని. ఇప్పుడు అంత ఓపిక ఎవరికుంది? అందుకే ఆ కళ్లు కంప్యూటరుకు పెట్టాలి. రోజూ తన దగ్గర పడే డబ్బును చూసి అప్పు అర్హత తేల్చే పని బ్యాంకు ఎవరినీ అడక్కుండా చేసుకోగలదు. వేరే బ్యాంకులో కూడా ఖాతా ఉంటే, మనిషి అనుమతితో ఆ వివరాలు తెప్పించుకునే అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థ 2021 సెప్టెంబరు నుంచి నడుస్తోంది. ముడిసరుకంతా ఇంట్లోనే ఉంది, పొయ్యి వెలిగించడమే ఆలస్యం.

కాబట్టి బ్యాంకు పెద్దలకు నా విన్నపం ఇది. డబ్బు కట్టై అవతల పడనప్పుడు, ఏ బ్రాంచి కౌంటర్లోనైనా ఆ డబ్బు ఎక్కడుందో తెర మీద కనిపించేలా చేయండి. "మీ 18,400 దుకాణానికి చేరలేదు, ఫలానా తేదీలోగా తిరిగి వస్తుంది, రాకపోతే రోజుకు వంద మీకు వేస్తాం" అని తెలుగులో ఒక మెసేజీ పంపండి. ఈ ఒక్క పని సరిగా చేయాలంటే కోర్ లెడ్జరు, చెల్లింపుల లెడ్జరు, ఫిర్యాదుల విభాగం, భాష, అన్నీ బాగుపడాల్సి వస్తుంది. అందుకే దీనితో మొదలుపెట్టమంటున్నాను.

400 రూపాయల పరిహారం కోసం మేం రాసిచ్చిన అర్జీకి ఇంకా జవాబు రాలేదు. పాత అప్పుకు ఇంకా 90 రోజుల కిస్తీలున్నాయి. అది తీర్చేయడానికీ, రెండో గ్రైండరుకూ కలిపి ముద్ర పథకంలో కిశోర్ తరగతి రుణం దరఖాస్తు నేనే కూర్చుని నింపాను. ఆరు నెలల స్టేట్‌మెంట్ జతచేశాం. రోజువారీ జమలను నెలలవారీగా కూడి, పక్కన పెన్సిలుతో వేశాను, చూసేవాళ్లకు తేలిగ్గా ఉంటుందని. సోమవారం టిఫిన్ల రద్దీ తగ్గాక, పదకొండింటికి ఇద్దరం బ్రాంచికి వెళ్తున్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్రాంచి మేనేజరు,
తెనాలి.